పన్నెండు వాచీలు, ఒకే చిరునామా

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు గడియారాల రిపేరువాడిని ఒక ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు. నిజానికి అతను ఒక గూఢచారి సంస్థ ఏజెంటు. ఆ ఇల్లు ఏజెంట్లు రహస్యంగా తలదాచుకునే సంస్థవారి సేఫ్ హౌస్. ఎక్కడికైనా రెండు గంటల ముందే చేరడం అతని అలవాటు.

అరగంటలో చీఫ్ గదిలో బావ నిలబడి ఉన్నాడు. ఏజెంట్ల కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను తనిఖీ చేసే ఆఫీసరు అతను. ఈమధ్యే బావమరిది ఏజెంటుగా చేరి నోరారా 'బావా' అని పిలవడంతో ఆఫీసు మొత్తానికీ బావైపోయాడు.

"ఆ ఇల్లు చనిపోయినవాడిది కాదు. నీ బావమరిదికి నిన్న కేటాయించింది. ఇతని వాచీలోకి ఆ చిరునామా ఎలా వచ్చింది?" అన్నాడు చీఫ్.

బావ గబుక్కున అడిగాడు, "మిగతా పదకొండు మందీ?"

"'వాన వెలిసింది' అని, అంటే అందరూ దాక్కోమని, పొద్దున్నే కోడ్ పంపాం. రేడియోలు కట్టేశారు, ఇక మన మాట వాళ్ళకి చేరదు. ఒంటిగంటకు వాచీలో చూపించిన ఇంటికి వెళ్ళిపోతారు."

బావ ప్రోగ్రామ్ తెరిచాడు. ఏజెంట్ అనే క్లాస్ ఒక అచ్చు, దాని నుంచి మనిషికొకటి చొప్పున పన్నెండు ఆబ్జెక్టులు. ఒక్కోదాంట్లో పేరు, వేషం, చిరునామా. చిరునామా దగ్గర ఒక్క మాట కొత్తగా చేరింది. స్టాటిక్.

"అంటే?"

"అది ఇన్‌స్టెన్స్ మెంబరుగా ఉంటే ఎవరి చిరునామా వాళ్ళ ఆబ్జెక్టులోనే ఉంటుంది సార్. స్టాటిక్ చేస్తే క్లాసుకంతటికీ ఒకటే కాపీ. చివరగా రాసిందే అందరి వాచీల్లోనూ కనిపిస్తుంది. నిన్న చివరగా రాసింది మావాడి చిరునామా."

"ఒక్కడికీ అనుమానం రాలేదా?"

"చిరునామాలు వారం వారం మారేవే. ఒకరిది ఇంకొకరికి చెప్పకూడదని రూలు పెట్టింది మనమే కదా సార్."

ఆ మాట చేర్చింది ప్రోగ్రామ్ రాసే రాణిగారు. సిల్క్ స్కార్ఫ్, ఖరీదైన సెంటు, ఎంతటివాడినైనా మెత్తబరిచే నవ్వు చూసి ఆఫీసులో పెట్టిన పేరు అది. ఆమె చేసిన మార్పును బావ చదివి సంతకం పెట్టాలి. ఆమె నవ్వుతూ కబుర్లు చెబుతుంటే చదవకుండానే పెట్టేశాడు. ఆ సంగతి చీఫ్‌తో చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక్కడినుంచి ఎవరూ చిరునామా మార్చకుండా సర్వర్ పాస్‌వర్డ్ మార్చేసి ఆమె పొద్దున్నే మాయమైంది.

"సర్వర్ ఆపేద్దాం."

"ఆపితే వాచీల్లో ఇదే చిరునామా ఉండిపోతుంది సార్."

"కాల్చినవాళ్ళు ఇంకా అక్కడే పొంచి ఉన్నారు. కమాండోలు అక్కడికి చేరేసరికి ఒకటిన్నర దాటుతుంది," అన్నాడు చీఫ్ నీరసంగా.

తమ్ముడికి ఉద్యోగం వేయించమని భార్య ఏడాదిపాటు బావ ప్రాణం తీసింది. వాడికేమైనా అయితే ఆమె ముందు ఎలా నిలబడాలో అతనికి అర్థం కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ప్రమాదం వస్తే ఏజెంటు తన వాచీ నుంచే చిరునామా మార్చుకోవచ్చు. వేలిముద్ర ఉంటే చాలు.

"రిపేరువాడి వాచీ ఎక్కడుంది సార్?"

"అతని చేతికే ఉంది. వీధివాళ్ళు శవాన్ని మార్చురీకి చేర్చారు."

మార్చురీకి చేరేసరికి పన్నెండూ యాభై ఆరు. చల్లబడిన బొటనవేలిని వాచీ అద్దం మీద నొక్కుతూ, క్షమించు తమ్ముడూ అనుకున్నాడు బావ. వాచీ తెరుచుకుంది. గబగబా కొత్త చిరునామా కొట్టాడు.

"వదిలేయండి బావగారూ." గుమ్మంలో నర్సు వేషంలో రాణిగారు, చేతిలో సైలెన్సర్ పిస్టల్. "అది చచ్చినవాడి వాచీ. దాంట్లో మారిస్తే ఎవరికి లాభం?"

"లాభం లేనిదాని కోసం మీరు ఇంత దూరం ఎందుకొచ్చారు? స్టాటిక్ అని రాసింది మీరే కదా. ఈ ఒక్కదాంట్లో మారిస్తే అందరికీ మారుతుంది."

బటన్ నొక్కాడు. తూటా అతని భుజాన్ని గీరుకుంటూ పోయింది. రెండో తూటా పేలేలోపే బావ వెనకాలే వచ్చిన చీఫ్ మనుషులు ఆమెను పట్టుకున్నారు. ఒంటిగంటకు ఇంకా కొన్ని సెకన్లున్నాయి.

హడావిడిలో బావ కొట్టింది తనున్న చోటు చిరునామానే. ఒకటిన్నరకల్లా పది మంది మార్చురీకి తమ కాళ్ళ మీద నడిచొచ్చారు. పదకొండోవాడు రాలేదు. భుజానికి కట్టు కట్టించుకోకుండా బావ గేటు దగ్గరే నిలబడ్డాడు. రెండింటికి బావమరిది ఆటో దిగాడు.

"తలుపు కొట్టబోతుంటే వాచీ మోగింది బావా. ఏమైంది?"

బావ వాణ్ణి గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రం చీఫ్ తేల్చేశాడు. పదకొండు మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఇక ఏజెంట్లుగా పనికిరారు.

"నా ఉద్యోగం పోయిందని అక్కకి నువ్వే చెప్పు బావా," అన్నాడు బావమరిది.

"చెబుతాలే. ముందు రిపేరువాడి ఇంటికి వెళ్ళి రావాలి."

తన ఇంట్లో చీవాట్లు తప్పవని బావకు తెలుసు. ఆ ఇంట్లో కూడా చీవాట్లతో సరిపోతే ఎంత బాగుండునో అనుకుంటూ బయలుదేరాడు.