తలుపు తీయని ఇంటి చరణం

మా పోర్ట్ ఎరిక్ రేవుకు ఉత్తరాన, పడవలను ఒడ్డుకు లాగే వాలు దాటాక, కొండరాయికి వీపు ఆనించుకొని ఒక ఒంటరి ఇల్లు ఉంది. హెర్రింగ్ చేపలు విరివిగా పడిన రోజుల్లో అందులో ఉప్పు నిల్వ చేసేవారు. ఉప్పు కాపలాదారు కుటుంబం పై గదిలో కాపురం ఉండేది. ఆ కుటుంబం పోయింది, ఉప్పూ పోయింది. పేరు మాత్రం ఉప్పిల్లుగానే మిగిలిపోయింది. పగటిపూట అది గొర్రెలకు నీడ. చీకటి పడిన తరువాత ఆ దారి ఎవరిదీ కాదు.

నిజానికి ఆ ఇంటికి చెడ్డపేరు తెచ్చింది ఒక్క రాత్రే — హాగ్మనే రాత్రి. పాత ఏడు సాగిపోయి కొత్త ఏడు అడుగుపెట్టే ఆ రాత్రి, ఊరంతా గుమ్మం పాట పాడుకుంటున్న వేళ, ఆ పాడుబడిన ఇంటిలోంచి కూడా ఒక ఆడగొంతు లేచేది. పాట అదే, రాగమూ అదే. కానీ ఊరి పాట ఆగిన చోట ఆ గొంతు ఆగేది కాదు...

ఆ పైన అది ఏమి పాడేదో విన్నవారు లేరు. అప్పటికే వినేవాడు పరుగెత్తుతూ ఉండేవాడు.

మా తీరంలో గుమ్మం పాటకు ఒక మర్యాద ఉంది. బయట నిలిచినవారు చరణం తరువాత చరణం పాడాలి. మూడో చరణం ముగిసేలోగా లోపలి నుంచి ఆ ఇంటి పెద్ద జవాబు అందుకోవాలి. జవాబు వినిపించాకే గడియ తీస్తారు. ముందుగా లోపల అడుగుపెట్టేవాడు నల్లజుట్టు మగవాడై ఉండాలి, ఏడంతా పొయ్యి ఆరకుండా చేతిలో బొగ్గు ఉండాలి. ఎర్రజుట్టు ఆడమనిషి ముందుగా గడప దాటితే ఆ ఇంటికి కీడు అంటారు. నవ్వుతూనే అంటారు... దాటనివ్వరు.

ఇక నేను చెప్పబోయేది వాటీ ఫ్లెట్‌కు జరిగింది. అతడు నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. రెండోసారి అడిగే ధైర్యం నాకు కలగలేదు.

ఆ ఏడు మంచు తొందరగా పడింది. వాటీ తల్లి ఎల్స్‌పెట్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టింది. వైద్యుడు ఆమె ఎదుట వసంతం మాట ఎత్తడం మానేశాడు. ఆమెను బాధపెట్టింది మాత్రం దగ్గు కాదు, ఒక పాట. పొద్దస్తమానం గొణిగేది, ఒకే పంక్తి దగ్గర ఆగేది, మళ్ళీ మొదటికి వచ్చేది.

"తలుపు తీయని ఇంటికి కూడా... కూడా ఏమిట్రా? ఆ తర్వాత ఏమిటి?"

"నాకు తెలీదమ్మా. ఆ చరణం నువ్వెప్పుడూ పాడలేదుగా."

"పాడలేదు. విన్నాను."

"ఎక్కడ?"

"ఎక్కడైతే నీకెందుకు? దాని చివర తెలిస్తే నా తల ఊరుకుంటుంది. తెలియకుండా పోయాననుకో, అక్కడ కూడా ఇదే గోల."

తల్లికి చేయగలిగిన ఆఖరి పని అదే అయింది వాటీకి. ఊరంతా అడిగాడు. వేడుకల హాలులో బయటి ఊళ్ళవాళ్ళ కోసం అచ్చు వేయించిన కార్డుల్లో మూడు చరణాలే ఉన్నాయి. రేవులో వలలు బాగుచేసే ముసలి జోర్డీ మాత్రం తల ఎత్తాడు.

"నాలుగోదా? ఉండేది. లోపలివాళ్ళు జవాబు చెప్పకపోతే, కోపం లేకుండా దీవించి వెళ్ళిపోవడానికి. మన ఊళ్ళో తలుపు తీయని కొంప ఎక్కడుంది గనక? వాడని పనిముట్టు తుప్పు పట్టింది."

"ఎవరికీ రాదంటావా?"

"ఉప్పింటి ఆవిడకు కొట్టినపిండి. వెళ్ళి అడుగు. తిరిగొస్తే మాకూ నేర్పు. రాకపోతే నీ పడవ నేను చూసుకుంటాలే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాటీ నవ్వలేదు.

హాగ్మనే రాత్రి వచ్చింది. వాటీది నల్లజుట్టు, అతని ఇంటికి తొలి అడుగు అతడిదే. పద్ధతి ప్రకారం కోటు జేబులో బొగ్గు వేసుకొని, అర్ధరాత్రి చర్చి గంటలు మోగేదాకా బయట ఉండడానికి బయలుదేరాడు. అతని భార్య నెట్టా గుమ్మం దగ్గరకు వచ్చింది.

"అత్తయ్య జవాబు పాడలేకపోతే నేనే అందుకుంటాలే," అంది మెల్లగా.

మంచం మీదినుంచి గొంతు వినిపించింది. "నువ్వేమీ అందుకోనక్కర్లేదు. ఈ ఇంటి పెద్దను నేనింకా ఉన్నాను."

వెనక గడియ పడింది. వాటీ పొరుగువాళ్ళ గుమ్మాలవైపు తిరగలేదు. వాలు దిగి, ఉత్తరానికి నడిచాడు.

ఊరి దీపాలు వెనక్కి పోయాయి. అలల చప్పుడు ఒకటే మిగిలింది. మంచులో అతనికంటే ముందు ఎవరో నడిచి వెళ్ళిన గుర్తులు ఉన్నాయి — చిన్న పాదాలు, ఉప్పింటి వైపే... తిరిగి వచ్చిన గుర్తులు లేవు.

అప్పుడు గొంతు లేచింది.

మొదటి చరణం. రెండోది. ముసలి గొంతు, కానీ ఎక్కడా వణుకు లేదు. మూడోది ముగిసింది. ఒక్క క్షణం నిశ్శబ్దం — ఎవరి జవాబు కోసమో ఆగినట్టు.

"నా కాళ్ళు వెనక్కి తిరిగాయి," అన్నాడు వాటీ నాతో. "నేను తిరగలేదు."

తలుపు తీయని ఇంటికి కూడా... అని ఎత్తుకుంది గొంతు. సరిగ్గా అక్కడే ఒక పెద్ద అల రాళ్ళ మీద విరిగి, మిగిలిన మాటలను మింగేసింది. కావలసింది ఆ మాటలే. అతడు నడిచాడు. తలుపు సందులో పలచని వెలుతురు కదులుతోంది. చేయి ఆనించాడు. తలుపు తెరుచుకుంది.

నేల మీద లాంతరు. దాని పక్కన, నల్ల శాలువాలో, పాలిపోయిన ముఖం. ఆ ముఖం అతన్ని చూసి, ఊపిరి ఆగినట్టు, అడిగింది —

"ఆలిక్?"

ఆలిక్ ఫ్లెట్ వాటీ తండ్రి. వాటీ కడుపులో ఉండగానే సముద్రం తీసుకుపోయిన మనిషి.

వాటీ చేయి తలుపుకు అతుక్కుపోయింది. అప్పుడు అతని చూపు ఆమె చేతిలోకి జారింది. ఫ్లాస్కు మూత. దాని నుంచి ఆవిరి లేస్తోంది. ఒడిలో సగం కొరికిన ఓట్స్ రొట్టె.

"దెయ్యాలు ఫ్లాస్కులో టీ తెచ్చుకుంటాయని నాకెవరూ చెప్పలేదు," అన్నాడు నాతో. ఆ మాట దగ్గర మాత్రం కొద్దిగా నవ్వాడు.

"ఆలిక్ కొడుకుని. వాటీని. మీరెవరు?"

ఆమె చాలాసేపు చూసింది. "అయితే కూర్చో. నీకు పిన్నినవుతాను. మైసీని."

"మైసీ పిన్ని ఎక్కడో దూరపు రేవు యార్మత్‌లో జ్వరం వచ్చి పోయింది. మా అమ్మ చెప్పింది."

"పోయానా?" రొట్టెముక్కను గుడ్డలో చుట్టింది. "ఎల్స్‌పెట్ చెప్పిందంటే పోయే ఉంటాను."

అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఆ ఉప్పింట్లోనే పుట్టారట. పాటలన్నీ తల్లి దగ్గర నేర్చుకున్నారు. గొంతు మాత్రం మైసీకే వచ్చింది. ఎర్రజుట్టు కూడా మైసీకే వచ్చింది. ఎల్స్‌పెట్‌కు పెళ్ళైన తొలి హాగ్మనేకు, కొత్త కాపురం గుమ్మం ముందు ఆలిక్, మైసీ కలిసి పాడారు. లోపలి నుంచి ఎల్స్‌పెట్ జవాబు పాడి గడియ తీసింది. బొగ్గు ఆలిక్ చేతిలో ఉంది.

"మంచు కురుస్తోంది. నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. మీ నాన్న పక్కకు తప్పుకొని, 'నువ్వు పద మైసీ, గొంతు గడ్డకట్టిపోతుంది' అని నవ్వాడు. నేను దాటాను. అంతే నాయనా నేను చేసింది." ఆమె టీ తాగలేదు, మూత పట్టుకొనే ఉంది. "చలికాలం దాటకముందే పడవ పోయింది. మరుసటి ఏడు వచ్చి మీ గుమ్మం ముందు పాడాను. మూడు చరణాలూ పాడాను. లోపల మా అక్క అడుగులు వినిపిస్తున్నాయి, జవాబు రాలేదు. అప్పుడు నాలుగోది పాడాను. జీవితంలో అదే మొదటిసారి. నేర్పేటప్పుడు మా అమ్మ, ఇది మీకెప్పుడూ అవసరం పడకూడదు అంది."

"మరి ఇక్కడికి..."

"పక్క రేవులో చేపలు కోసుకుంటూ బతికాను. ఏటా ఈ ఒక్క రాత్రికీ ఆఖరి బస్సులో వస్తాను. ఊళ్ళో మా అక్క తలుపు తీయలేదు. ఊరికి వినపడేంత దూరంలో పాడుకుంటే ఎవరి సొమ్ము పోయింది?"

"రా పిన్నీ," అన్నాడు వాటీ. "అమ్మకు ఆట్టే టైము లేదు. ఆ చరణం చివర కావాలని ఒకటే గొడవ చేస్తోంది."

"నన్ను అడిగిందా, మాటను అడిగిందా?"

వాటీకి అబద్ధం చేతకాదు. "మాటను."

"సరే," అని ఆమె లాంతరు అందుకుంది. "మాటే ఇద్దాం."

వాళ్ళు ఊరు చేరేసరికి చర్చి గంటలు మోగుతున్నాయి. ఎదురైన ఒకరిద్దరు ఆమెను చూసి, అడగబోయి, చూడనట్టే తప్పుకున్నారు. ఫ్లెట్ వారి గుమ్మం ముందు వాటీ ఆమె చేయి పట్టుకొని మెట్టు ఎక్కించబోయాడు. ఆమె ఎక్కలేదు.

"నీ జుట్టు ఎప్పుడో తెల్లబడింది పిన్నీ. ఇంకేం భయం?"

"నాకు లేదురా భయం," అని మంచులోనే నిలబడి ఎత్తుకుంది.

లోపల దగ్గు ఆగిపోయింది.

మొదటి చరణం... రెండోది... మూడోది. మూడోది చివరికి వస్తూ ఉండగా, ఆ గొంతు మొదటిసారి నెమ్మదించింది. ఎదుటివారికి వ్యవధి ఇవ్వడానికే అనిపించింది వాటీకి.

జవాబు లేదు.

తలుపు అవతలి నుంచి నెట్టా గుసగుస. "వాటీ... అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. వదలడం లేదు."

"జవాబు పాడమను."

"పెదవులు బిగించేసింది."

మైసీ తల ఊపింది, ఇది తనకు తెలిసినదే అన్నట్టు. నాలుగో చరణం అందుకుంది. ఈసారి మింగడానికి అల లేదు.

*తలుపు తీయని ఇంటికి కూడా*
*పొయ్యిలో నిప్పు ఆరకూడదు;*
*మంచున మిగిలిన మా అడుగులే*
*మీ గడపకు కాపలా ఉండాలి.*

ముగిశాక ఆమె శాలువాలోంచి ఒక చిన్న మూట తీసి వాటీ చేతిలో పెట్టింది. రుమాలులో చుట్టిన బొగ్గు. ఏళ్ళ తరబడి మోసి మోసి అంచులు గుండ్రబడిన బొగ్గు.

"ఏటా ఇదే తెస్తాను. దించే చోటు దొరకలేదు. నువ్వు నల్లజుట్టువాడివి, నువ్వు తీసుకెళ్ళు."

"పిన్నీ, ఆగు..."

"తొలి అడుగువాడు గుమ్మం ముందునుంచి వెనక్కి మళ్ళకూడదు. అంతమాత్రం తెలీదూ?"

అతడు మళ్ళలేదు. మంచులో ఆమె అడుగుల చప్పుడు దూరమైంది... సన్నబడింది... పూర్తిగా ఆగిపోయింది.

అది ఆగిపోయాకే, లోపలి నుంచి బొంగురు గొంతుతో, ఆయాసపడుతూ, ఎల్స్‌పెట్ జవాబు చరణం పాడింది.

గడియ తీశారు. వాటీ లోపలికి వచ్చాడు. తల్లి ముఖం ఎన్నో వారాల తరువాత తేటగా ఉంది.

"కాపలా," అంది. "అడుగులు, కాపలా. అదీ. అదే గుర్తు రాలేదు."

"అమ్మా, పాడింది ఎవరో తెలుసా?"

"ఉప్పింటి దెయ్యం. మన గుమ్మం దాకా వచ్చింది."

"దెయ్యం కాదు. పిన్ని. బతికే ఉంది. నీ చెల్లెలు బతికే ఉందని నీకు తెలియదా?"

ఆమె కొడుకు ముఖాన్ని చూసింది. ఆలిక్ పోలికల కోసం వెతికినట్టుగా ఉందట ఆ చూపు.

"మీ నాన్న దానికోసం పక్కకు తప్పుకొని నవ్వాడురా. నాకోసం ఎన్నడూ తప్పుకోలేదు." కొంతసేపు ఊపిరి తీసుకుంది. తరువాత, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా అంది — "ఆ ఇంట్లో దెయ్యం ఉందని ఈ ఊళ్ళో మొదట అన్నది ఎవరనుకున్నావు? నేనే. దాని గొంతు గాలిలో వినపడిన ఏడు, తెల్లారి రేవులో ఆడవాళ్ళతో ఒక్క మాట అన్నాను. మిగతాది వాళ్ళే అల్లుకున్నారు. మైసీ పాడుతోందని తెలిస్తే ఎవరో ఒకరు జాలిపడి తలుపు తీసేవారు. దెయ్యానికి ఎవరు తీస్తారు?"

నెట్టా పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

"చలిగా ఉంది," అంది ఎల్స్‌పెట్. "బొగ్గు తెచ్చావుగా. వెయ్యి."

వాటీ జేబులో అప్పుడు రెండు బొగ్గులు ఉన్నాయి. ఏది వేశావని నేను అడగలేదు, అతడే చెప్పాడు. తన బొగ్గు జేబులోనే ఉంచుకున్నాడు. రుమాలు విప్పి, రెండోది నిప్పుల మీద పెట్టాడు. అది చాలాసేపు అంటుకోలేదు. అంటుకున్నాక మాత్రం తెల్లవారేదాకా కాలింది.

అతని తల్లి ఆ రాత్రంతా ఆ మంటవైపే చేతులు చాచుకొని, హాయిగా నిద్రపోయింది.