ఎడమచేతి ముడి

"మీ ఫోటోల్లో మనుషులే ఉండరేంటి?" అంది శ్రావణి, కెమెరా వెనక చిన్న తెర మీద ఒక్కొక్క ఫోటో జరుపుతూ.

"కంపెనీ క్యాలెండర్‌కి బ్రిడ్జి ఒక్కటే కావాలట. మనిషి కనబడితే బ్రిడ్జి చిన్నదైపోతుందట," అన్నాడు యుగంధర్.

పొద్దున్నుంచీ ఆమె అతన్ని మీరు అనే పిలుస్తోంది. ఏడాది కిందట నువ్వు అనేది. అతను ఆ సంగతి ఎత్తలేదు. లెన్సు మీద పడ్డ చినుకుల్ని రుమాలుతో తుడిచి కెమెరా సంచిలో పెట్టాడు.

మాయాబందర్ దాటాక ఉన్న ఉత్తరపు వంతెన దగ్గర ఫోటోల పని ముగిసింది. ఇక వెనక్కి రంగత్ మీదుగా దక్షిణానికి వెళ్లాలి. అక్కడిది పెద్ద వంతెన. దాన్ని కట్టిన ఇంజనీర్లలో యుగంధర్ ఒకడు.

అదే వాళ్ల మధ్య అడ్డుపడింది. శ్రావణి తండ్రి గురునాథం అక్కడి సముద్రపు పాయ మీద బస్సుల్నీ లారీల్నీ దాటించే వెహికిల్ బోటుని నడిపే సరంగు. వంతెన లేచింది, బోటు ఆగిపోయింది. పిల్లనిమ్మని యుగంధర్ ఇంటికొచ్చినప్పుడు ఆయన టీ ఇప్పించి, "నా బోటుని మింగినోడికి నా పిల్లనెలా ఇస్తాను బాబూ," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

ఆ తర్వాత కూడా పోర్ట్‌బ్లెయిర్ వెళ్లాలంటే రంగత్ బే నుంచి షిప్పులో వెళ్లేవాడే గాని ఆయన వంతెన ఎక్కలేదు. పోయిన వానాకాలంలో గుండెనొప్పి వచ్చిన రోజు సముద్రం బాగోలేక షిప్పు రాలేదు. అంబులెన్సు వంతెన చేరకముందే ఆయన ప్రాణం పోయింది.

వచ్చే వారం సంవత్సరీకం. బోటు ఆగే రేవు ఫోటో ఒకటి గోడకి పెట్టాలని తల్లి కాసులమ్మ అడిగింది. శ్రావణి తనే యుగంధర్‌కి ఫోన్ చేసి, అతని ఫోటోల పనికి తోడుగా బయల్దేరింది. ఫోటో ఒక పని. ఇక తన కోసం ఎదురుచూడొద్దని అతనికి ఎదురుగా చెప్పడం రెండో పని. వద్దన్న మనిషి ఇప్పుడు లేడు. లేడు కదా అని అవునంటే, ఆయన పోవడం కోసమే కాచుకున్నట్టుంటుంది.

దారంతా వాన. బైకు వెనక ఆమె, మధ్యలో కెమెరా సంచి.

"రెయిన్‌కోటు ఒకటే తెచ్చారా?"

"లెక్క తప్పింది."

"ఇంజనీరే కదా మీరు. ఆ బ్రిడ్జి కూడా ఇలాగే లెక్కేశారా?"

"దానికి పైవాళ్లు చెక్ చేశారు. రెయిన్‌కోటుకి ఎవరూ చెయ్యలేదు."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం కూడా వచ్చింది.

పాత రేవు పక్కన నూకన్న టీ కొట్టు. ఒకప్పుడు ఆ బోటులోనే తాళ్లు కట్టే ఖలాసీ అతను. శ్రావణిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"సరంగు సాబ్ పాప కదూ? రా బేటీ, తడిసిపోనావు. ఏటీ, ఈ భయ్యా గొడుగైనా పట్టలేదా?"

"ఆయన చేతిలో కెమెరా ఉంటే లోకం తెలీదు బాబాయ్," అంది.

రేవు నాచు పట్టి నీళ్లలోకి జారిపోయి ఉంది. తండ్రి గొంతు ఆమెకి అక్కడే వినిపించినట్టయింది. తాడు కట్టేదాకా ఎవ్వరూ దిగొద్దు. ఎంతటివాడికైనా అదే మాట.

"ఒకసారి ఒక పెద్దాఫీసరు ఆగలేక దూకేసినాడు," అన్నాడు నూకన్న టీ వడగడుతూ. "ఫైలుతో సహా నీళ్లలో. సరంగు సాబ్ ముందు తాడు కట్టించి, అప్పుడు తీయించినారు ఆయన్ని."

రేవు ఫోటో అయ్యాక ఇద్దరూ వంతెన మధ్యదాకా నడిచారు. కింద నీళ్లు బూడిదరంగులో ఉన్నాయి. ఇప్పుడే చెప్పాలనుకుంది.

"యుగంధర్ గారూ, ఒక మాట..."

"ఒక్క నిమిషం." అతను జేబులోంచి చిన్న కత్తి తీశాడు. "ఎవరో ఈ రెయిలింగుకి తాడు ముక్క కట్టారు. ఎప్పుడొచ్చినా ఫ్రేములో ఇదే. పోయినసారి కంప్యూటర్లో చెరిపేశాను. ఇవాళ కోసేస్తాను."

"ఆగండి."

వెలిసిపోయిన నీలం నైలాన్ తాడు అది. రెండు చుట్లు చుట్టి, కొసను ఎడమవైపుకి లాగి బిగించిన ముడి. అందరూ కుడివైపుకి బిగిస్తారు. గురునాథానిది ఎడమచేతివాటం. చిన్నప్పుడు తను మంచం కోడుకి ఆ ముడి వెయ్యాలని చూసి, ఎన్నిసార్లు ఓడిపోయిందో.

"నాన్నది," అంది.

అతను కత్తి మడిచేశాడు.

కిందికొచ్చి అడిగితే నూకన్న పొయ్యి మంట తగ్గించాడు.

"పోయినేడు, వానలకి ముందు వచ్చినారమ్మా. నడిచే వెళ్లినారు మధ్యదాకా. తిరిగొచ్చి, 'ఊగట్లేదురా నూకన్నా, కుర్రోడు గట్టిగానే కట్టినాడు' అన్నారు. ఇంట్లో నేనే చెప్తాను, నువ్వు నోరు మూసుకో అన్నారు. ఆయన మాట నేనెప్పుడు దాటాను? ఆ తర్వాత ఆయనే లేకుండా పోయినారు. ఇంకే మొహంతో రాను మీ ఇంటికి?"

శ్రావణి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తాగలేదు. వాన రేకుల మీద కొడుతూనే ఉంది. నాన్న ఇంటికొచ్చి, చెప్పడానికి మంచి రోజు కోసం చూసి ఉంటాడు. ఎప్పుడూ అంతే ఆయన.

"పైన ఏదో చెప్పబోయారు," అన్నాడు యుగంధర్ నెమ్మదిగా.

"అది వదిలెయ్."

అతను తలెత్తి చూశాడు.

"ఆ ముడికి అర్థమేంటి?" అన్నాడు.

"బోటు ఒడ్డు చేరింది, ఇక దిగొచ్చని." గ్లాసు పక్కన పెట్టి లేచింది. "పద పైకి. అమ్మకి ఫోటో తియ్యాలి."

"రేవు ఫోటో అయిపోయింది కదా?"

"రేవుది కాదు. కెమెరా ఇలా ఇవ్వు. నువ్వెళ్లి ఆ తాడు పక్కన నిలబడు."

"నేనా?"

"నువ్వే. అమ్మ నాన్ననీ నిన్నూ ఒకేసారి చూస్తుంది."

అతను తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, తాడుకి తగలకుండా ఒక చెయ్యి రెయిలింగు మీద ఆనించాడు. ఆమె తీసిన మొదటి ఫోటో చెదిరిపోయింది. కళ్లు తుడుచుకుని రెండోది తీసింది.