తిప్పని కంచం

"ఇక్కడ పన్నెండు లుంపియాలుండాలి. ఆరే ఉన్నాయి. మిగతా ఆరూ ఎవరి పొట్టలోకెళ్ళాయి?"

మాంసం కూరి వేయించిన ఆ చుట్టల పళ్ళెం పక్కన నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని రెమీ నిలదీసింది. ఎదురుగా ఉన్న కుర్రాడి బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. జవాబు చెప్పడానికి అతని నోరు ఖాళీగా లేదు.

"సారీ. ఆకలేసింది" అన్నాడు ఎలాగో మింగి.

"అవి తినడానికి కాదు!"

"మరెందుకు?"

"కెమెరా ముందు తినడానికి!"

"అంతేనా? కెమెరాని ఇటు తిప్పమను, మిగతా ఆరూ తినేస్తా."

అతను ఆంటన్. 'ఇంకో ముద్ద' అనే టీవీ కామెడీలో పెద్దకొడుకు. ఫిలిప్పీన్స్ నుంచి లాస్ ఏంజెలెస్ వచ్చి స్థిరపడిన ఒక సంసారం కథ అది. ఒక వంటగది, ఒక భోజనాల బల్ల, దాని చుట్టూ అరుపులు. బర్బాంక్‌లోని స్టూడియోలో ప్రతి శుక్రవారం రెండొందల మంది ప్రేక్షకుల ముందు తీసేవారు. ఆ బల్ల మీదికి వచ్చే తిండి, కంచాలు, గరిటెలు అన్నీ రెమీ పని. ఉప్పుకారం పిసరంత తగ్గినా ఊరుకునేది కాదు.

లుంపియాల గొడవ జరిగి నాలుగేళ్ళయింది. ఇవాళ ఆఖరి ఎపిసోడ్. ఆంటన్‌కి వాంకూవర్‌లో మూడేళ్ళ సిరీస్ దొరికింది. సాయంత్రమే విమానం. ఈ నాలుగేళ్ళలో రెమీ అతన్ని తిట్టింది, వెక్కిరించింది, జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చింది. నువ్వంటే నాకు ప్రాణం అన్న ఒక్క మాటే చెప్పలేదు. ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేనని ఆమెకి తెలుసు. తెలిసి కూడా పొద్దుటి నుంచీ ఆమె చేసిన పని వెనిగర్, సోయా సాస్ పోసి అడోబో కూర వండటం.

అసలు ఆ ప్రాణం మీదికి తెచ్చింది సెట్‌లోని కోడిపుంజు బొమ్మ కంచాలు.

షో మొదలైన రెండో వారం. సీన్‌లో పెద్దకొడుకు నాన్నతో పోట్లాడి, అన్నం మధ్యలో వదిలేసి విసవిసా వెళ్ళిపోవాలి. మొదటి టేక్ బ్రహ్మాండంగా వచ్చింది. రెండో టేక్ సగంలో డైరెక్టర్ కట్ చెప్పి నెత్తి పట్టుకున్నాడు.

"ఇందాక ఈ కంచంలో కోడి కిటికీ వైపు చూస్తోంది. ఇప్పుడు ఫ్రిజ్ వైపు చూస్తోంది. కోడికి మెడ పట్టేసిందా? కంచాలు ఎవరు తిప్పారు?"

రెమీ చప్పున చేతులు వెనక్కి దాచుకుంది. తిప్పింది ఆమే. టేక్‌కీ టేక్‌కీ మధ్య గ్లాసులు సర్దుతుంటే, ఆమెకి తెలియకుండానే చేతులు ఆ పని చేసేశాయి. ఉద్యోగంలో చేరి పది రోజులు కూడా కాలేదు.

"నేనే తిప్పాను సార్. చేతులు ఊరుకోక..." అన్నాడు ఆంటన్ తలుపు దగ్గర్నుంచి.

ఆ తర్వాత ఆమెని వెతుక్కుంటూ వచ్చాడు. "నీ తిట్లన్నీ నేను తిన్నాను. ఎందుకు తిప్పావో ఇప్పుడన్నా చెప్పు."

"నీకు తెలీదా? మీ ఇంట్లో తిప్పరా?"

"నేను పెరిగింది నెబ్రాస్కాలో. మా వూరికంతా ఫిలిపినో ఇల్లు మాదొక్కటే. మా నాన్న పద్ధతులన్నీ అటకెక్కించేశాడు."

"అందరం తింటుండగా ఒకళ్ళు మధ్యలో లేచి బయల్దేరితే, మిగతావాళ్ళు కంచాలు తిప్పాలి. అప్పుడు వాళ్ళు క్షేమంగా చేరతారు. లేకపోతే దారిలో ఏదన్నా అవుతుంది."

"నేను వెళ్ళింది మేకప్ రూముకి."

"మేకప్ రూముకైనా సరే!"

ఆంటన్ నవ్వలేదు. "నేను క్షేమంగా చేరాలని ఇంతవరకూ ఎవరూ ఏదీ తిప్పలేదు" అన్నాడు. పాపం, రెమీ పని అయిపోయింది.

ఆ రోజు నుంచీ అదొక ఆట. మధ్యాహ్నం అందరితో కూర్చుని తింటూ ఫోనొస్తే లేచేవాడు. "పార్కింగ్ దాకా వెళ్తున్నా. తిప్పు రెమీ." ఆమె తిప్పేది. "బాత్రూముకి. తిప్పు." "ఛీ, దానిక్కూడానా?" అంటూనే తిప్పేది. అతనికది ఆట. ఆమెకి మాత్రం రోజుకి మూడుసార్లు దేవుడికి పెట్టుకునే దణ్ణం.

రెండేళ్ళ కిందట ఒకరోజు వాన పడింది. లాస్ ఏంజెలెస్‌లో నాలుగు చినుకులు పడితే చాలు, జనానికి కాళ్ళు చేతులు ఆడవు. ఇద్దరూ స్టూడియో చూరు కింద చిక్కుకున్నారు. ఆంటన్ వాన వంకే చూస్తూ, "రేపు డిన్నర్‌కి వెళదామా?" అన్నాడు.

రెమీ బుర్ర ఎక్కడికెళ్ళిందో చూడండి. తర్వాతి ఎపిసోడ్ చుట్టాల విందు మీద. నటుడు కదా, ఒరిజినల్ చూసి నేర్చుకోవాలనుకుంటున్నాడు కాబోలు అనుకుంది. "భలేవాడివే, మా ఇంటికే రా!" అంది.

ఈగిల్ రాక్‌లో వాళ్ళ ఇంట్లో ఆంటన్ కోసం పదకొండు మంది చుట్టాలు సిద్ధంగా కూర్చున్నారు. మేనమామ కరావోకే మైకు చేతికిచ్చి మూడు పాటలు పాడించాడు. అమ్మమ్మ జీతమెంతని అడిగింది. వెళ్ళేటప్పుడు డబ్బాలో అన్నం, కూర కట్టిచ్చారు. "చాలా నేర్చుకున్నాను" అని ఆంటన్ తలొంచుకుని వెళ్ళిపోయాడు. రెమీ మురిసిపోయింది.

నాలుగు రోజుల తర్వాత తల దువ్వుకుంటుంటే దువ్వెన సగంలో ఆగిపోయింది. అతను అడిగింది ఆ డిన్నర్ కాదేమో? ఆ అనుమానంతో ఆమె ఎదురుచూసింది. వాన పడ్డప్పుడల్లా పనేమీ లేకపోయినా ఆ చూరు కిందికి వెళ్ళి నిలబడింది. అతను మళ్ళీ అడగలేదు. తనే అడుగుదామంటే నోరు పెగల్లేదు. చూస్తుండగానే రెండేళ్ళు గడిచిపోయాయి.

మూడున్నరకల్లా ఆఖరి సీన్ అయిపోయింది. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, తల్లి వేషం వేసిన టీటా నెనీతా చప్పట్లు చరిచింది. నిజంగా ఎవరికి పిన్నో తెలియదుగానీ, యూనిట్ మొత్తానికి ఆవిడ టీటాయే.

"నాలుగేళ్ళ నుంచీ ఈ బల్ల మీద తింటున్నట్టు నటించాం. ఇవాళ నిజంగా తిందాం. రండర్రా!"

పదిమంది దాకా కూర్చున్నారు. అవే కోడిపుంజు కంచాలు. ఆంటన్ రెమీ ఎదురుగా కూర్చున్నాడు. బయట వాన రేకుల మీద దబదబా కొడుతోంది.

"అడోబో అదిరింది" అన్నాడు.

"నాలుగేళ్ళుగా అదే అడోబో."

"చల్లారకముందు తినడం ఇదే మొదలు."

చెప్పు, చెప్పు అని రెమీ తనని తాను పోరుతోంది. నోట్లో అన్నం గడ్డిలా ఉంది. ఇంకో రెండు నిమిషాలాగి చెబుదామనుకుంది. అంతలో అతని ఫోను మోగింది.

"కారొచ్చేసింది. వాన కదా, దారంతా జామైందట. ఇప్పుడే బయల్దేరాలంటున్నాడు." ఆంటన్ లేచాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. అందరినీ ఒకసారి చూసి, నవ్వబోయి, నవ్వు కుదరక, "తిప్పండి" అన్నాడు.

టీటా నెనీతా తిప్పింది. తండ్రి వేషం వేసిన పెద్దాయన తిప్పాడు. నాలుగేళ్ళలో అందరికీ అలవాటైపోయింది, కెమెరామన్ కూడా తిప్పాడు. బల్లంతా కంచాల గరగర.

రెమీ కంచం కదల్లేదు. ఆమె రెండు చేతులతో దాన్ని అదిమిపెట్టింది.

ఆంటన్ తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "రెమీ, నీది?"

ఆమె కంచాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"బాత్రూముకెళ్తే తిప్పావు. పార్కింగ్‌కెళ్తే తిప్పావు. ఇంత దూరం వెళ్తుంటే తిప్పవా? నేను చేరక్కర్లేదా?"

"చేరాలి" అంది రెమీ. "క్షేమంగా చేరాలి. కానీ తిప్పితే వెళ్ళమన్నట్టే కదా. అన్నిసార్లూ తిప్పాను, అన్నిసార్లూ తిరిగొచ్చావు. ఈసారి రావు. నాకు చేతులు రావట్లేదు ఆంటన్. నువ్వెళ్ళిపోతే ఈ కంచాలు నేనెవరి కోసం తిప్పుకోను?"

టీటా నెనీతా చెంచా కింద పెట్టేసింది.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా" అన్నాడు ఆంటన్ మెల్లగా.

"నువ్వు మళ్ళీ అడగొచ్చుగా! రెండేళ్ళ నుంచీ ఆ చూరు కింద తడుస్తున్నాను!"

"ఎలా అడుగుతాను? నిన్నొక్కదాన్ని డిన్నర్‌కి పిలిస్తే పదకొండు మందిని తెచ్చి కూర్చోబెట్టావు. మీ మావయ్యేమో మైకిచ్చాడు. అదే నీ జవాబనుకున్నాను!"

"అది హోంవర్కనుకున్నానురా!"

కెమెరామన్‌కి పొలమారింది. రెమీ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

టీటా నెనీతా మాత్రం కళ్ళద్దాలు సవరించుకుంది. "నాకో సంగతి అర్థం కావట్లేదు నాన్నా. వాంకూవర్‌లో షూటింగెప్పుడు?"

"మంగళవారం టీటా."

"మంగళవారం షూటింగ్‌కి శుక్రవారం విమానమెందుకు?"

ఆంటన్ చెవులు ఎర్రబడ్డాయి. "ఇక్కడే ఉంటే చెప్పేస్తానేమోనని. చెప్పి, కాదనిపించుకుని వెళ్ళడం కంటే చెప్పకుండా వెళ్ళడమే నయమనుకున్నాను."

అతను ఫోను తీసి, కారు డ్రైవర్ని వెళ్ళిపొమ్మన్నాడు. తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు, రెమీకి ఎదురుగా.

"ఒకటడుగుతాను. నెబ్రాస్కావాణ్ణి, నాకు తెలీదు. అందరి భోజనాలూ అయ్యాక వెళ్తే కంచాలు తిప్పక్కర్లేదుగా?"

"అక్కర్లేదు."

"ఎవరో ఒకళ్ళు ఇంకా తింటూనే ఉంటే?"

"అప్పటిదాకా ఆగాలి. లేవకూడదు."

"అయితే మెల్లగా తిను" అన్నాడు ఆంటన్.

రెమీ ఒక్క మెతుకు చెంచాతో తీసుకుంది. అతని కళ్ళలోకి చూస్తూ దాన్ని నోట్లో పెట్టుకుంది. నాలుగేళ్ళ తర్వాత అన్నానికి రుచి తెలిసింది. ఎలా తిన్నా కంచంలో ఉన్నది నాలుగు ముద్దలే, మంగళవారం దాకా రాదు. ఆ తర్వాత మూడేళ్ళ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుబులుగానే ఉంది.

టీటా నెనీతా లేచింది. గరిటె నిండా అన్నం తీసి రెమీ కంచంలో వేసింది. కోడిపుంజు పూర్తిగా మునిగిపోయింది.

"ఇంకో ముద్ద" అంది ఆవిడ, మళ్ళీ గరిటె ముంచుతూ.