పూలదండ వెనక పచ్చ లైటు

రాయపూర్ టాటీబంధ్ కూడలిలో ఏజెంట్ హరీష్‌ను ట్రక్కు కిందకి తోసి చంపారు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. అతడు చీఫ్‌కు పంపిన చివరి మెసేజ్ ఒక్కటే మిగిలింది: ‘బ్యాకప్ సర్వర్ నడిచినప్పుడే ఆఫీసు నెట్‌వర్క్ పడిపోతోంది.’

చీఫ్ సూర్యారావు ఆ మెసేజ్‌ను ఏజెంట్ త్రివేణి ముందు పెట్టాడు.

“రాయపూర్ పక్కన ఉర్లాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ. సైనిక వాహనాలకు కవచం ప్లేట్లు చేస్తుంది. ఆ ఉక్కు ఫార్ములా కోసం ఒక విదేశీ ముఠా పనిచేస్తోంది. అది వాళ్ళకు అందితే, ప్లేటును ఛేదించే గుండు తయారు చేస్తారు. మన జవాన్లు అట్టపెట్టెల్లో కూర్చున్నట్టే.”

“లోపల మనవాళ్ళు?”

“మహేంద్ర. సెక్యూరిటీ ఆడిటర్ వేషం. కోడ్, తిల్దా బియ్యం.”

త్రివేణి, హరీష్ ఒకే బ్యాచ్.

నెట్‌వర్క్ టెక్నీషియన్ వేషంలో, మెడలో నకిలీ ఐడీ కార్డుతో ఆమె ఫ్యాక్టరీ ఆఫీసులో అడుగుపెట్టింది. మహేంద్ర ఎదురొచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, మెరిసే చొక్కా, కారిడార్ చివరిదాకా సెంటు వాసన. గూఢచారి పదిమందిలో కలిసిపోవాలని అతడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

“తిల్దా బియ్యం దొరుకుతాయా?” అడిగింది త్రివేణి.

“పాతవే ఉన్నాయి. కొత్తవాటిలో నూక ఎక్కువ.”

కోడ్ సరిపోయింది. ఆపైన కోడ్‌లో లేని చిరునవ్వు ఒకటి నవ్వాడు. హరీష్ గురించి అడిగితే, పాపం, రోడ్డు దాటడం రాని మనిషి అన్నాడు.

ఆఫీసు మేనేజరు దుర్గారావు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. నెట్‌వర్క్ ఎందుకు పడుతోందో ఆయన ఏనాడూ కనుక్కోలేదు. సర్వర్ గదిదాకా నడవడానికి బద్ధకించి, యూపీఎస్‌తో సహా ఆ గది కరెంటు మొత్తానికి తన కుర్చీ పక్కనే స్విచ్ పెట్టించుకున్నాడు.

“రోజూ పడిపోద్దమ్మా. ఒకసారి ఆపి వేస్తాను. బస్, ఠీక్ అయిపోద్ది.”

“ఇవాళ కూడా ఆపారా?”

“ఆపాను. ఇకమీద వద్దన్నాడు మహేంద్ర సార్. డిస్కులు పాడైపోతాయంట. ఎలాగూ రేపు విశ్వకర్మ పూజ. మెషీనెవడు ముట్టుకుంటాడు?”

త్రివేణికి చిక్కు విడిపోయింది. బ్యాకప్ సర్వర్ ఫార్ములా ఫైళ్ళను దేశం బయటికి పంపుతోంది. ఆ బరువుకు లైను నిండిపోయి ఆఫీసు నెట్‌వర్క్ పడిపోతోంది. దుర్గారావు స్విచ్ ఆపగానే పంపకం తెగి మళ్ళీ మొదటికొస్తోంది. శాటిలైట్లు చేతిలో ఉన్న ముఠాను ఇన్నాళ్ళూ ఆపింది ఒక బద్ధకస్తుడి వేలు. స్విచ్ ఎవరూ ముట్టుకోని రోజు ఒక్కటి వాళ్ళకు కావాలి. ఆ రోజును వెతికి పెట్టినవాడు మహేంద్ర.

సాక్ష్యం లేకుండా అతణ్ణి పట్టుకోలేరు. ఫైళ్ళలో ఎంత శాతం బయటికి పోయిందో చూపే మీటరును ఆమె లైనుకు తగిలించి, చీఫ్‌కు కబురు పంపింది.

మర్నాడు ఫ్యాక్టరీలో యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి. ప్రతిదానికీ కుంకుమ, బంతిపూల దండ. సర్వర్‌కు మహేంద్రే స్వయంగా దండ వేశాడు. దుర్గారావు హారతి ఇచ్చి వెళ్ళగానే మహేంద్ర సర్వర్ గదికి లోపల గడియ పెట్టుకున్నాడు. త్రివేణి మీటరు కదిలింది.

ఉక్కు తలుపు. బద్దలయ్యేది కాదు. స్విచ్ దగ్గరికి పరుగెత్తింది. దుర్గారావు చేయి అడ్డం పెట్టాడు. స్విచ్‌కు కూడా కుంకుమ బొట్టు ఉంది.

“ఇవాళ ముట్టుకోకూడదమ్మా. పాపం తగులుద్ది.”

ఫార్ములా, ముఠా, జవాన్లు, అన్నీ ఆమె ముక్తసరిగా చెప్పింది. హెడ్డాఫీసు నుంచి లెటర్ తెమ్మన్నాడాయన. మీటరు తొంభై ఏడు శాతం చూపిస్తోంది.

త్రివేణి ఆయన మోచేయి పట్టుకుని, తలుపులోని చిన్న అద్దం దగ్గరికి లాక్కెళ్ళింది.

“దండ వెనక చూడండి.”

బంతిపూల సందుల్లోంచి పచ్చ లైటు మిణుకుతోంది.

“నడుస్తున్న మెషీన్‌కి నాచేత హారతి ఇప్పించాడా!”

దుర్గారావు వెనక్కి పరుగెత్తాడు. ఆ ఆఫీసులో ఆయన పరుగు ఎవరూ చూసి ఉండరు. స్విచ్ ఆగింది. మీటరు తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

విశ్వకర్మ పూజనాడు ఎవరూ మెషీన్ ముట్టుకోరని ముఠా తెలుసుకుంది. ఎవరూ నడపరని కూడా తెలుసుకోలేనంత తెలివి వాళ్ళది.

తలుపు తెరుచుకుంది. ముందు పిస్టల్, వెనక మహేంద్ర.

“ఎవడ్రా ఆపింది?”

గోడ వారగా నిలబడ్డ త్రివేణి, కేబుళ్ళు బిగించే క్రింపింగ్ టూల్‌తో అతడి మణికట్టు మీద కొట్టింది. పిస్టల్ బూందీ పళ్ళెంలో పడింది. ప్రసాదం పంచుతున్న ఇద్దరు పళ్ళేలు పక్కన పెట్టి అతడి చేతులు విరిచి పట్టుకున్నారు. వాళ్ళు సూర్యారావు మనుషులు.

“త్రివేణీ, నేను మన డిపార్ట్‌మెంట్ మనిషిని.”

“హరీష్ కూడా.”

మర్నాడు ఉదయం రిపోర్టు పంపుతుండగా నెట్‌వర్క్ మళ్ళీ పడిపోయింది. త్రివేణి పరుగున వెళ్ళింది. ఈసారి ముఠా లేదు. హరీష్ ప్రాణం పెట్టిన ఆ లైను మీద దుర్గారావు సినిమా దించుకుంటున్నాడు.