సబ్బు ప్రకటన మింగేసిన మూడు లైన్లు

మా పత్రికాఫీసు వెనక సందులో తాళం పడిన మేడ ఒకటుంది. చీకటి పడ్డాక ఆ సందులోకి కుక్క కూడా పోదంటారు. పైకిటికీలో ఒకావిడ నిలబడి, దారిన పోయేవాళ్ళని "టైమెంతయింది బాబూ?" అని అడుగుతుందట.

"పాత పేపర్లలో వింతలు" శీర్షిక చూసేది నేనే. నలభై ఏళ్ళ కిందటి ఫైలు తిరగేస్తుంటే ఆ మేడ వార్త కంటపడింది. ఇంకేం, ఈ వారానికి గట్టెక్కాననుకున్నాను. అప్పట్లో ఇక్కడే విలేకరిగా చేసిన మా పెదనాన్నకి చూపించాను.

చదివి, కాగితం బోర్లా పెట్టేశాడు.

"ఇది నేనే పుట్టించానురా," అన్నాడు మెల్లగా. "ఆవేళ నాలుగో పేజీలో జానెడు ఖాళీ మిగిలింది. వార్తల్లేవు. నోటికొచ్చింది రాసి పడేశాను. ఆవిడా లేదు, పాడూ లేదు. పాపం, ఆ ఇంటాయనకి మళ్ళీ అద్దెకి దిగేవాడు దొరకలేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"చివర్న ఇంకో మూడు లైన్లు రాశాను. ఆఖరి నిమిషంలో సబ్బు ప్రకటన వచ్చి పడింది... అవి తీసేసి, కాగితం చింపేశాను. నేను తప్ప ఎవరూ చదవలేదు."

ఆ వార్త పడిన పన్నెండేళ్ళకి, ఒక రాత్రి మా పెద్దమ్మకి ఆయాసం ముంచుకొచ్చిందట. ఇన్‌హేలర్ అయిపోయింది. మందుల షాపు కట్టేసే వేళ. చుట్టూ తిరిగితే అరగంట... ఆ సందులోంచైతే ఐదు నిమిషాలు.

"వెళ్ళేటప్పుడు ఏమీ లేదు," అన్నాడు పెదనాన్న. " మందు జేబులో వేసుకుని తిరిగొస్తున్నా. కరెంటు పోయింది. పైనుంచి — 'టైమెంతయింది బాబూ?'"

"ఎవరో ఆటపట్టించారేమో పెదనాన్నా."

"నేనూ అదే అనుకున్నా. పేపరు చదివిన పోకిరీ ఎవడోలే అని తిట్టుకుంటూ నడక పెంచా. అప్పుడు... చెవి పక్కనే... 'పరిగెత్తకు బాబూ. ఇంటికెళ్ళినా నీకోసం ఎవరూ లేరు.'"

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"ఆ మూడు లైన్లూ అవేరా," అన్నాడు.

ఆయన పరిగెత్తాడు. ఇంటి తలుపులు బార్లా తీసున్నాయి. మంచం ఖాళీ. దిండు కింద పడుంది. గుమ్మంలోనే కూలబడిపోయాడు.

పక్కింటావిడ వచ్చి చెబితేగానీ తెలియలేదు — వాళ్ళాయన పెద్దమ్మని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడని.

"బతికింది. ఇంకో పదేళ్ళు నన్ను సాధించింది," అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. "వార్త వేసుకో. ఆ మూడు లైన్లు మాత్రం వెయ్యకు."

వెయ్యలేదు. నిన్న రాత్రి పేజీలు పెట్టే ఆపరేటర్ పిలిచాడు.

"సార్, మీ వింత కింద సరిగ్గా మూడు లైన్లు ఖాళీ వచ్చింది. ఏదైనా చెప్పండి, కొట్టేస్తాను."

ఖాళీగానే వదిలెయ్యమన్నాను. ఇంటికి దగ్గర దారి ఆ సందే అయినా, చుట్టూ తిరిగే వెళ్ళాను. తలుపు కొట్టాను... ఎవరూ పలకలేదు. మళ్ళీ కొట్టాను.

"వస్తున్నా, ఉండండి," అని మా ఆవిడ విసుక్కునేదాకా, నా ప్రాణం నాలో లేదు.