పేరు చెప్పి కాల్చిన కథ

దాచేదేముంది, షూయింగ్ అంటే నాకు కుళ్ళు. ఇద్దరం చెంగ్డులో ఒకే చైనీస్ పత్రికలో, ఒకే నెలలో సైన్స్ ఫిక్షన్ కథలు మొదలుపెట్టాం. దానివి మూడు ఇంగ్లీషులోకి వెళ్ళాయి. నావి ఒక్కటీ గడప దాటలేదు. పైగా నా భుజం తట్టి, "నీదీ వస్తుందిలేవే పెయ్‌లిన్" అనేది. ఆ జాలికి ఒళ్ళు మండిపోయేది.

వసంతంలో షూయింగ్ జబ్బుచేసి పోయింది. పోయేముందు, చేత్తో రాసిన పన్నెండు పేజీల కథ నాకిచ్చి, "టైపు చేసి మార్గరెట్‌కి పంపవే. చివరి పేజీ ఇంకా దిద్దాలి గానీ ఓపిక లేదు" అంది. చంద్రుడి మీద బట్టలుతికే ఆడమనిషి కథ. చదివి ఏడ్చాను. అంత బాగున్నందుకు కొంత, అది నాది కానందుకు ఎక్కువ. టైపు చేసి పంపాను. నా పేరుతో.

లండన్‌లో ఉండే అనువాదకురాలు మార్గరెట్ వారంలోనే జవాబిచ్చింది. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ మీరు! నేను తెస్తున్న సంకలనంలో మొదటి కథ ఇదే."

ఆ చేతిరాత కాగితాలు బయటపడితే నా కొంప మునిగినట్టే. మా చాంద్రమానం ఏడో నెల సగానికొచ్చింది, పోయినవాళ్ళకి కాగితాలు కాల్చే రోజులు. అందరిలో కలిసిపోతుందని సాయంత్రం కిందికి దిగాను. వాన వెలిసిన తడి నేల, అగరొత్తుల పొగ, బూడిద వాసన. ఎవరి మంట ముందు వాళ్ళు గొణుక్కుంటున్నారు.

"ఎవరికమ్మాయ్?" అంటూ మూడో అంతస్తు లువో అవ్వ సుద్దముక్కతో నా ముందు సున్నా గీసేసింది. "ఓ పక్క సందు వదలాలి, దారికి. లోపల పేరు రాస్తేనే చేరేది."

"ఊరికే... పాత కాగితాలు అవ్వా."

"ఈ రోజుల్లో ఊరికే ఎవరు కాలుస్తారే? పేరు చెప్పు!"

అందరూ చూస్తున్నారు. "షూయింగ్" అన్నాను. అవ్వ రాసేసింది. పన్నెండూ భగ్గుమన్నాయి. గాలి లేదు. బూడిద మాత్రం ఆ సందులోంచే బయటికి పాకింది.

మూడు వారాల తర్వాత, ఓ సాయంత్రం మార్గరెట్ వీడియో కాల్ చేసింది.

"మీ దిద్దుబాట్లు అందాయి! చివరి పేజీ ఎంత బాగా మార్చారండీ!"

"ఏ... దిద్దుబాట్లు?"

"చేత్తో రాసి పంపారుగా, పోస్టులో?"

ఒక్కో కాగితం కెమెరాకి చూపించింది. ఆ వంకర అక్షరాలు... షూయింగ్‌వి. అంచులన్నీ మాడి నల్లగా... మా దగ్గర కాల్చడమంటే పోయినవాళ్ళకి పంపడమే. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే, నా తెలివి ఎటు పోయిందో!

"ఈ పదమూడోదే అర్థం కాలేదు. సున్నా గీసి, లోపల మీ పేరు రాశారు. సంతకమా?"

ఫోను పెట్టేశాను. ఏడో నెల వెళ్ళిపోయింది, కింద ఎవరూ కాల్చడం లేదు. అయినా గదిలో కాగితం కాలుతున్న వాసన...

తల దించాను. నా కుర్చీ చుట్టూ తెల్లగా సుద్దగీత. సందు కూడా వదిలారు... తలుపు వైపు కాదు, కిటికీ వైపు.

మాది పదకొండో అంతస్తు.