టబ్బు వైపు స్విచ్చు

మా ఇంట్లో వేడినీళ్ళ ట్యాంకు మేడ మీద, మెట్లెక్కగానే కనిపించే మనిషి పట్టేంత గోడ అలమారాలో ఉంటుంది. రాగి ట్యాంకు. చుట్టూ ఎర్రటి దళసరి బొంత తొడిగి తాళ్ళతో బిగించి ఉంటుంది. కరెంటు వేసే స్విచ్చు బయట గోడకి. అలమారా లోపల, తువ్వాళ్ళ దొంతర వెనక, ఇంకో చిన్న స్విచ్చు ఉంటుంది. దాని మీద ఒక పక్క సింకు, ఒక పక్క స్నానాల టబ్బు అని రాసుంటుంది. అది సింకు వైపు ఉంటే పైనున్న కాసిని నీళ్ళే కాగుతాయి. టబ్బు వైపు తిప్పితే ట్యాంకంతా కాగుతుంది, మీటరు గిరగిరా తిరుగుతుంది. మా లీట్రిమ్ జిల్లాలో ఏ ఇంట్లో చూసినా సగం తగాదాలు దాని గురించే.

నేనూ, మా తమ్ముడు కోల్మనూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. చివరికి ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. వాడు పొదుపరి అంటే తక్కువ చెప్పినట్టు, ఒట్టి పిసినారి. నేను నీళ్ళకి స్విచ్చు వేసి కిందికి దిగేలోపే వెనకాలే వెళ్ళి ఆపేసేవాడు. ఇక టబ్బు వైపు తిప్పడమా! బతికున్నన్నాళ్ళూ ఆ పని చెయ్యలేదు, నన్ను చెయ్యనివ్వలేదు. చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, దణ్ణం పెట్టుకుని, ఆర్పేసి మిగిలింది ఇంటికి తెచ్చుకుంటాడని ఊరంతా ఏడిపించేవాళ్ళు. మార్చిలో గుండె ఆగి పోయాడు. ఆ తర్వాత స్విచ్చు నా ఇష్టం వచ్చినంత సేపు వేసుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

నవంబరులో మొదలైంది. బయటి స్విచ్చు వెయ్యకుండానే కుళాయిలో వేడినీళ్ళొచ్చాయి. అలమారా తెరిచి ట్యాంకు మీద చెయ్యేస్తే వెచ్చగా ఉంది. నేను భయపడలేదు. సంతోషించాను. వాడే వచ్చాడనుకున్నాను. ఇంకెవరొస్తారు?

అప్పట్నుంచి రోజూ సాయంత్రం అలమారాలో పీట వేసుకుని, వీపు ట్యాంకుకి ఆనించి కూర్చునేదాన్ని. లోపలి బల్బు పోయి చాలా కాలమైంది. ఆ చీకట్లో కడిగిన దుప్పట్ల వాసన, కాగిన రాగి వాసన. ఊళ్ళో ఎవరు పోయారో, ఎవరి ఆవు ఈనిందో అన్నీ చెప్పేదాన్ని. ట్యాంకు సన్నగా కూనిరాగం తీసేది. నా మాట వినేవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికారు.

"పోకురా," అన్నాను ఒక సాయంత్రం. "ఎన్నాళ్ళైనా ఉండు. ఈ ఇల్లు నీదే."

మర్నాటి నుంచి నీళ్ళు మరగడం మొదలెట్టాయి. చన్నీళ్ళ కుళాయిలోంచి కూడా ఆవిరి వచ్చేది. అటక మీద గొట్టాలు దడదడలాడేవి. నా చెయ్యి కాలి బొబ్బలెక్కింది. ఆదివారం చర్చి బయట ఆ కట్టు చూసి పక్క పొలం మలకీ పట్టుకున్నాడు.

"థర్మోస్టాట్ పోయుంటుంది డెలియక్కా. ఇంక చాలు, కాగింది, ఆపు అని చెప్పేది అదే. అది లేకపోతే ట్యాంకు పేలి కూర్చుంటుంది."

"పేలనీ. కాసేపు ఇల్లు వెచ్చగా ఉంటుంది."

"నీ వేళాకోళానికేం తక్కువ లేదు. రేపు కొత్తది పట్టుకొస్తా, టీ పెట్టి ఉంచు."

వద్దందామనుకున్నాను. బాగు చేస్తే వాడు వెళ్ళిపోతాడేమోనని గుబులు. కానీ ఆ మాట మలకీతో ఎలా అంటాను?

మర్నాడు భోజనాలయ్యాక వచ్చాడు. ముందు ట్యాంకు ఫ్యూజు పీకాడు. టార్చి పళ్ళతో కరిచి పట్టుకుని, ట్యాంకు నెత్తిన మూత విప్పి, తీగలు తప్పించి, మూరెడు సన్నటి థర్మోస్టాట్ కడ్డీ పైకి లాగాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"అక్కా, ఇది కాలిపోయి నెలలైంది. మసి చూడు. దీన్ని దాటి లోపలికి కరెంటే పోదు."

"మరి నీళ్ళు మరుగుతున్నాయిగా?"

"అదే నాకూ బుర్రకెక్కట్లేదు."

కొత్త కడ్డీ దింపి బిగించాడు. తీగల మీది తొడుగు పెళుసెక్కి రాలిపోతోందని, రేపు కొత్త తీగ తెచ్చి కలుపుతానని, అప్పటిదాకా ఫ్యూజు తన దగ్గరే ఉంటుందని చెప్పి జేబులో వేసుకున్నాడు. లేస్తుంటే టార్చి వెలుగు తువ్వాళ్ళ వెనక పడింది.

"అమ్మ డెలియక్కా! టబ్బు వైపు పెట్టి కూర్చున్నావా? కోల్మన్ చూస్తే సమాధిలోంచి లేచొచ్చి తిప్పేసేవాడు!"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఆగిపోయాను. ఆ స్విచ్చు నేను ముట్టుకోలేదు. కోల్మన్ ప్రాణం పోయినా టబ్బు వైపు పెట్టడు. మరి ఇన్నాళ్ళూ నేను కబుర్లు చెప్పింది ఎవరికి? ఉండిపొమ్మన్నది ఎవర్ని?

మలకీ టీ తాగి వెళ్ళిపోయాడు. కాసేపు కూర్చోవయ్యా అని అడగడానికి నోరు రాలేదు.

కప్పులు కడిగేసరికే చీకటి పడింది. వంటింట్లో ఒక్కదాన్నే కుర్చీలో కూర్చున్నాను. బయట గాలి కూడా లేదు. అప్పుడు వినపడింది... పైన... సన్నగా... కూనిరాగం.

ఫ్యూజు మలకీ జేబులో ఉంది.

మెట్లెక్కాను. నేను ఆగితే అదీ ఆగుతోంది. నేను కదిలితే మళ్ళీ మొదలు. అలమారా తలుపు ఓరగా తెరిచి ఉంది. సందులోంచి వేడి గాలి మొహానికి తగిలింది. బొంత మీద చెయ్యేశాను. అరచెయ్యి కింద అది మెల్లగా ఉబ్బింది... తగ్గింది... మళ్ళీ ఉబ్బింది.

"కోల్మన్?" అన్నాను.

రాగం ఆగిపోయింది. తువ్వాళ్ళ వెనక స్విచ్చు టక్కుమంది. కాసేపటికి మళ్ళీ టక్కుమంది. ఇటు... అటు... ఇటు... అటు... ఆగకుండా. నా చేతులు రెండూ బొంత మీదే ఉన్నాయి.

"పొండి!" అని అరిచాను. "ఎవరున్నా సరే... అందరూ పొండి! నాకెవరూ వద్దు!"

అంతా నిశ్శబ్దం. చేతుల కింద బొంత రాయిలా చల్లబడింది. కింద వంటింటి తలుపు గడియ లేచిన చప్పుడు. తలుపు మూసుకున్న చప్పుడు.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వెన్నెల బాగా ఉంది. పెరడు దాటితే పొలం, పొలం దాటితే చిత్తడి నేల. పొలంలో కోల్మన్ గొర్రెలు పడుకుని ఉన్నాయి. ఒక్కసారిగా లేచి, కుక్క మీద పడ్డట్టు చెరోవైపు పరిగెత్తాయి. మధ్యలో చిత్తడి నేల దాకా దారి పడింది. ఆ దారిలో ఎవరూ కనిపించలేదు.

తర్వాత గొర్రెలన్నీ మా తలుపు వైపు తలలు తిప్పాయి. ఈసారి బెదరలేదు. అరుచుకుంటూ ఎదురొచ్చాయి. ఖాళీ చోటు చుట్టూ మూగి, మూతులు పైకెత్తి, దాని వెంట మెల్లగా చిత్తడి నేల వైపు నడిచాయి. అవి నా వెంట అలా నడవవు, మలకీ వెంట నడవవు. ఇరవై ఏళ్ళు చేత్తో దాణా పెట్టినవాడి వెంట మాత్రమే నడిచేవి.

కిటికీ తెరిచి గొంతు చించుకున్నాను. "నిన్ను కాదురా! నిన్ను కాదు, వెనక్కి రా!"

ఏ గొర్రే వెనక్కి తిరగలేదు. అంచు దాకా వెళ్ళి, కంచె దగ్గర ఆగి, అవతలికి చూస్తూ నిలబడిపోయాయి.

మర్నాడు మలకీ తీగ కలిపాడు. ఇప్పుడు నీళ్ళు కాగాల్సినప్పుడు కాగుతాయి, ఆగాల్సినప్పుడు ఆగుతాయి. ట్యాంకు మాట్లాడదు. వాడు వస్తాడేమోనని రోజూ చీకటి పడేవేళ వంటింటి తలుపు బార్లా తీసి ఉంచి, ఈ కిటికీ దగ్గర కూర్చుంటున్నాను.

ఈ సాయంత్రం చిత్తడి నేల వైపు నుంచి గొర్రెలు కదిలాయి. సంతోషంతో లేచి నిలబడ్డాను. పొలం మధ్య దారి పడుతూ తిన్నగా మా పెరట్లోకి వచ్చింది. దారికి రెండువైపులా గొర్రెలు పడుతూ లేస్తూ పారిపోతున్నాయి. ఆ వెనక వాడు కూడా వస్తాడేమోనని కళ్ళు చికిలించి చూశాను. ఎవరూ రాలేదు. కింద తలుపు తీసే ఉంది.